సీటొచ్చింది, చదువు రావాలి

కాశీబుగ్గ బస్టాండు దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఒక ఫ్లెక్సీ ఈమధ్యే చిరిగి కిందపడింది. నిరుడు దసరా ముందు కట్టారు దాన్ని. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, పేరుకు ముందు పెద్ద అక్షరాల్లో డాక్టర్ అని, చుట్టూ శుభాకాంక్షలు చెప్తున్న ఊరి పెద్దల ముఖాలు పద్నాలుగు. ఆ ఫొటో దిగేనాటికి కుర్రాడు మెడికల్ కాలేజీ గేటు కూడా చూడలేదు. కోటు స్టూడియోవాళ్లే కంప్యూటర్లో తొడిగారు.

వాడు నాతో హరిపురం హైస్కూల్లో చదువుకున్నవాడి కొడుకు. నన్ను పెదనాన్నా అంటాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి, వాళ్లమ్మ పంపిన అరిసెలు పట్టుకుని పలాసలో నా క్లినిక్‌కి వచ్చాడు. మాటల్లో అనాటమీ మొదటి ఇంటర్నల్‌లో ఎంతొచ్చిందిరా అని అడిగాను. "నూటికి ముప్పై ఒకటి" అన్నాడు. గొంతులో బెరుకేమీ లేదు. "సీటొచ్చేసింది కదా పెదనాన్నా, ఇంక పాసైపోతే చాలు. రేపు పీజీకి కూడా నీట్ ర్యాంకే. ఎంబీబీఎస్ మార్కులు ఎవడు చూస్తాడు?"

వాడన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. నాకు చిక్కొచ్చింది అక్కడే. పీజీ సీటుకి ఎంబీబీఎస్ మార్కులు చూడరు, నిజం. నా ముందు కూర్చున్న పేషెంటు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా మార్కులు అడగలేదు, అదీ నిజం. ఇంక వాడికి ఏ మొహం పెట్టుకుని చదవమని చెప్పను? అందుకని నా సంగతి చెప్పాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను 1993లో చేరాను. అప్పట్లో ఫస్ట్ ఎంబీబీఎస్ అంటే ఏడాదిన్నర. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. మా ఊరి నుంచి ఎంబీబీఎస్‌లో చేరినవాణ్ని నేనే మొదట. శనివారం మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి రైలెక్కేవాణ్ని. ఊళ్లో దిగితే చాలు, "డాక్టర్ బావు వచ్చీసినాడు" అని అరుగుల మీంచి లేచి నిలబడేవారు. పంతొమ్మిదేళ్లవాడికి అంతకంటే ఏం కావాలి? మోకాళ్ల నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలి బావూ అని అడిగేవారు. నాకు మోకాలి ఎముకల పేర్లే సరిగ్గా రావు. అయినా చెప్పేవాణ్ని!

ఫిజియాలజీలో కిడ్నీ చాప్టరు పెద్దది. రీనల్ వదిలెయ్, వస్తే ఒక్క ప్రశ్న వస్తుంది అని హాస్టల్లో ఒక సీనియరు చెప్పాడు. వదిలేశాను. పెద్ద ప్రశ్న అదే వచ్చింది. కిడ్నీ మూత్రాన్ని ఎలా చిక్కబరుస్తుందో, కౌంటర్ కరెంట్ విధానం బొమ్మతో సహా రాయమన్నారు. రెండు పేజీలు నింపాను. ఏం రాశానో ఆ దిద్దినాయనకే తెలియాలి. తప్పాను. తప్పినవాళ్లకి వేరేగా నడిచే ఆడ్ బ్యాచ్‌లో పడ్డాను. ఆరునెలల తర్వాత సప్లిమెంటరీలో గట్టెక్కాను. అప్పుడు కిడ్నీ ప్రశ్న రాలేదు. రాలేదు కాబట్టి చదవనూ లేదు. ఫస్టియర్ దాటిపోయింది, ఆ చాప్టరు మాత్రం నా పుస్తకంలో తెల్లగా, కొత్తగా అలాగే ఉండిపోయింది.

ఊరూరా కిడ్నీలు పోయే ఉద్దానంవాణ్ని, కిడ్నీ వదిలేశాను. దీనికి నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

2001లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టరుగా ఉన్నప్పుడు ఒకామె వచ్చింది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. వేళ్ల చివర్లు జీడిసొనకి నల్లగా కాలి, తోలు లేచి ఉన్నాయి. యాభై ఏళ్లుంటాయి, నలభై అయిదు కేజీలు. మోకాళ్లు నొప్పులు, నీరసం. "తిన్నది ఒంటికి పట్టనేదు బావూ" అంది. రక్తపరీక్ష రాశాను. క్రియాటినిన్ 1.4 వచ్చింది. ల్యాబ్ చీటీ మీద నార్మల్ 0.6 నుంచి 1.4 అని అచ్చేసి ఉంది. ఏం ఫర్వాలేదమ్మా అన్నాను. మోకాళ్లకి డైక్లోఫెనాక్ పదిహేను రోజులు రాశాను.

ఆ చాప్టరు చదివినవాడెవడూ ఆ మాట అనడు. క్రియాటినిన్ కండలోంచి పుడుతుంది. కండలేని మనిషికి తక్కువే పుడుతుంది. పైగా రెండు కిడ్నీల పని సగానికి పడిపోయేదాకా ఆ అంకె పెద్దగా కదలదు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు, కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే చిన్న లెక్క ఇచ్చారు. అయిదో తరగతి పిల్లలు వేసే లెక్క. నూటనలభైలోంచి వయసు తీసెయ్యాలి, తొంభై. బరువుతో హెచ్చవెయ్యాలి, 4050. డెబ్భైరెండుని 1.4తో హెచ్చవేస్తే నూరుకి కాస్త పైన, దాంతో భాగించాలి. నలభై. ఆడమనిషి కాబట్టి 0.85తో హెచ్చవెయ్యాలి. ముప్పైనాలుగు. నూరుకి అటూ ఇటూ ఉండాల్సినది ముప్పైనాలుగు. మూడొంతుల్లో రెండొంతులు పోయిన కిడ్నీలకి నేను పెయిన్ కిల్లర్ రాశాను. నా చీటీ చూపించి ఆమె మెడికల్ షాపులో ఆ మాత్రలు ఎన్ని నెలలు కొనుక్కుందో నాకు తెలీదు.

మళ్లీ కనిపించేసరికి మూడేళ్లు దాటింది. కాళ్లు పొంగి, మొహం పాలిపోయి ఉంది. అప్పటికి పలాసలో డయాలిసిస్ లేదు. విశాఖ రైలెక్కాలి. కొన్నాళ్లు ఎక్కింది, తర్వాత మానేసింది. నా మాత్రలవల్లే అలా అయిందని నేను అనను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంతమంది పరిశోధించినా కారణం ఇదీ అని ఈరోజుకీ పూర్తిగా తేలలేదు. బీపీ, షుగరు లేనివాళ్లకి కూడా పోతున్నాయి. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, వాపు చివరిదాకా కనిపించదు. చప్పుడు లేకుండా వచ్చే రోగం అది. అలాంటి రోగాన్ని ముందే పట్టుకోవాలంటే డాక్టరు దగ్గర ఉండాల్సింది పెద్ద మిషను కాదు, ఫస్టియర్ ఫిజియాలజీ. ఆ రోజు నా దగ్గర అది లేదు.

ఆమె మళ్లీ కనిపించిన రాత్రి పాత పుస్తకాల పెట్టెలోంచి ఫిజియాలజీ పుస్తకం గైటన్ తీశాను. ముప్పై ఏళ్లు నిండబోతుండగా మొదటిసారి కిడ్నీ చాప్టరు చదివాను. సీటొచ్చిన పదకొండేళ్లకి.

పిల్లల్ని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. వాళ్లు బద్ధకస్తులు కారు, అలసిపోయినవాళ్లు. ఇంటర్ రెండేళ్లు, ఆపైన లాంగ్‌టర్మ్ ఒకేడాదో రెండేళ్లో, విజయవాడ హాస్టల్లో తెల్లారి అయిదింటికి లేచి రాత్రి పదకొండుదాకా బిట్లు చేసినవాళ్లు. ఇంట్లో తండ్రి ఆ కోచింగ్ ఫీజుని రూపాయల్లో కాదు, బస్తాల్లో లెక్కేసుకుంటాడు. ఎనభై కేజీల పిక్కల బస్తాలు ఎన్ని అమ్మితే ఒక టర్మ్ ఫీజు అని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరీ జీడీ తోటలు నేలకి పడగొట్టాక ఆ లెక్క ఇంకా కష్టమైపోయింది. అంత ఒత్తిడిలోంచి బయటపడ్డ గుంటడు సీటు రాగానే ఊపిరి వదులుతాడు. వదలనివ్వండి, ఒక నెల. నేనైతే ఏడాదిన్నర వదిలాను.

చదువు వదిలేసే రోగం సీటు రాకముందే మొదలవుతోంది. ఎంసెట్ రోజుల్లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది. 2017 నుంచి మన రాష్ట్రంలో మెడికల్ సీటుకి నీట్ ర్యాంకొక్కటే. ఇంటర్ బైపీసీలో ఓసీలకి 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం వస్తే అర్హత. దాంతో రికార్డు పక్కవాడిది చూసి రాసెయ్యడం, స్పెసిమెన్ చేత్తో పట్టుకోకుండానే ప్రాక్టికల్స్ అయిపోవడం మామూలైపోయింది. ఆ ప్రాక్టికల్స్ ఎలా జరుగుతాయో లెక్చరర్లకి తెలుసు, నాకూ తెలుసు, రాస్తే బాగుండదు. పాత వెయిటేజీ మళ్లీ తెమ్మని కూడా నేను అడగను. తెస్తే ఆ మార్కులకీ ఒక కోచింగు పుడుతుంది.

మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో పెరిగింది. అక్కడ డిగ్రీ చదువుతుండగానే మెడికల్ స్కూల్లో సీటు ఖాయమవుతుంది, చేరేలోపు చివరి సెమిస్టర్ మార్కులు కూడా పంపాలి. మరీ దిగజారితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు స్కూలుకి ఉంటుంది. భలే పద్ధతి అన్నాను ఫోన్లో. అది నవ్వింది. "ఇక్కడా అదే మావయ్యా, సీటొచ్చాక అందరూ తేలిక కోర్సులు చూసుకుంటారు. దానికి సీనియరైటిస్ అని పేరు కూడా ఉంది." మా పుస్తకాల్లో ఐటిస్ అంటే వాపు. ఏ అవయవం వాస్తుందో మరి.

మన దగ్గర ఆ కళ్లెం లేదు గానీ వేరేది ఉంది, పిల్లలకి ఎవరూ ముందు చెప్పరు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు ఉండాలి. ఇంటర్నల్స్‌లో రావాల్సినవి రాకపోతే యూనివర్సిటీ పరీక్షకే కూర్చోనివ్వరు. ఫస్టియర్‌కి మొత్తం నాలుగు అవకాశాలు, నాలుగేళ్లలోపు. మా కాలంలో ఉన్న ఆడ్ బ్యాచ్ ఇప్పుడు లేదు. సప్లిమెంటరీలో తప్పితే జూనియర్లతో కలిసి కూర్చోవడమే. ఫ్లెక్సీలో ఉన్న పద్నాలుగు మంది పెద్దల్లో ఒక్కరికైనా ఈ సంగతి తెలుసా?

సంక్రాంతినాటి కథ మిగిలుంది. తనకి ముప్పై ఒకటి ఎందుకొచ్చాయో వాడే చెప్పాడు. వైవాలో ఎగ్జామినరు అరచేతిలో ఒక ఎముక పెట్టి ఏ వైపుది అని అడిగాడట. వీడు చూస్తూ నిలబడ్డాడట. "ఆప్షన్లు చెప్తారనుకున్నాను పెదనాన్నా" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను, వాడూ నవ్వాడు. అప్పుడు లేచి బీరువా అడుగునుంచి పాత పేపర్లో చుట్టిన మూట తీశాను. సీనియరు దగ్గర కొన్న నా బోన్ సెట్, సగం పోగా మిగిలింది. అందులోంచి క్లావికల్ తీసి వాడి చేతిలో పెట్టాను. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక. నేనేమీ చెప్పనన్నాను.

పదినిమిషాలు తిప్పాడు. ఒక చివర బల్లపరుపుగా ఉంది, ఒక చివర లావుగా ఉంది. లావుది రొమ్ము ఎముక వైపు ఉండాలి కదా అని వాడిలో వాడే అనుకున్నాడు. వేలితో కింద తడిమాడు, గాడి తగిలింది, అయితే ఇది కిందివైపు. లావు చివరనుంచి వంపు ముందుకి రావాలి. తన భుజం మీద ఆనించి చూసుకున్నాడు, తీశాడు, ఇటు మార్చాడు. "కుడివైపుది" అన్నాడు. అవును, కుడివైపుదే. వాడి మొహం చూడాల్సింది. నీట్ ర్యాంకు చూసుకున్నప్పుడు కూడా అలా వెలిగి ఉండదు. ఆ ఎముక జేబులో పెట్టుకుని వెళ్లాడు, నేను అడగలేదు.

2023 డిసెంబరు 14న పలాసలో రెండు వందల పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. శ్రీకాకుళంలో 2008 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. గోడలూ మంచాలూ వచ్చాయి. ఆ మంచాల పక్కన రేపు నిలబడేది ఈ ఫ్లెక్సీల్లో పిల్లలే. సీటు రాగానే టెక్కలి పక్కన రావివలస ఎండల మల్లన్నకి మొక్కు తీర్చుకునే తల్లిదండ్రులకి ఒక మాట. సెలవులకి వచ్చిన పిల్లాణ్ని డాక్టర్ బాబూ అని చుట్టాలిళ్లన్నీ తిప్పకండి. ఏ చాప్టరు చదువుతున్నావురా అని అడగండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, వాడు చెప్పగలుగుతున్నాడో లేదో మీకు తెలిసిపోతుంది. ఫ్లెక్సీ కట్టాలనే సరదా ఉంటే ఫస్టియర్ పాసయ్యాక కట్టండి. అప్పుడు పదిహేనో బొమ్మగా నా ఫొటో నేనే ఇస్తాను.

ఆదివారం మధ్యాహ్నం మూడు తర్వాత నాకు ఓపీ ఉండదు. పలాస, టెక్కలి, మందస, సోంపేట, ఎక్కడివాళ్లయినా సరే, కొత్తగా చేరి ఇంటికొచ్చిన పిల్లలు రండి. గైటన్ తెచ్చుకోండి, సీనియర్ మాటలు హాస్టల్లో వదిలేసి రండి. కిడ్నీ చాప్టరుతో మొదలుపెడదాం.