నాకు ఇద్దరు పిల్లలు

ఆరేళ్ళ కిందటి మాట. మా చిన్నది అప్పుడు మూడో తరగతి. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉందంటే ముందురోజు రాత్రి వంటిల్లు సర్దుకున్నాక నాలుగు ఇంగ్లీషు వాక్యాలు తయారు చేసుకున్నాను. గిన్నెలు తుడుస్తూ రెండుసార్లు అప్పజెప్పుకున్నాను కూడా. తెల్లారి నా వరస రాగానే టీచరమ్మ కుర్చీ చూపించి, మీకెంతమంది పిల్లలు అని ఇంగ్లీషులో అడిగింది. ధైర్యంగా "ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్" అన్నాను.

ఆ అమ్మాయి పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. వెనక కూచున్న ఒకావిడ ఆపుకోలేదు. అదే స్కూల్లో ఏడో తరగతి చదువుతున్న మా పెద్దది పక్కనే నిలబడి తల దించేసుకుంది. నాకు మాత్రం సంగతేమిటో అర్థం కాలేదు. ఇంటికి వచ్చాక పెద్దదే చెప్పింది. "అమ్మా, అలా అంటే నీకు ఇప్పుడు ఇద్దరు పుట్టబోతున్నారనుకుంటారు!"

ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. ఆ రోజు మాత్రం రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళు మీటింగులకు నేను వెళ్ళలేదు, మా వారిని పంపాను. ఆయన వెళ్ళేవారు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి వచ్చేవారు. "ఏమన్నారండీ?" అంటే "బాగానే చదువుతోందట" అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క ఉండేది కాదు. పిల్ల నోట్సులో తప్పులు రాసుకొస్తోంది, పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతోంది. తరగతిలో ఎక్కడ కూచుంటోంది, బోర్డు కనపడుతోందా అని అడగాలని నాకుంది. ఈయన్ని అడగమంటే మర్చిపోయేవారు. ఐదో తరగతిలో స్కూలుకు కంటి డాక్టర్లు వచ్చి చూస్తే రెండు కళ్ళకూ రెండున్నర పవర్ తేలింది. ఎప్పటినుంచో ఉండి ఉంటుందన్నారు. నేను వెళ్ళి ఉంటే అడిగేదాన్నే కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక్క "హ్యావింగ్" దగ్గర సిగ్గుపడి పిల్లకి రెండేళ్ళు బోర్డు కనపడకుండా చేశాను.

ఈ పాత కథ మళ్ళీ ఎందుకు తీశానంటే, పోయిన నెల ఆ చిన్నదే, ఇప్పుడు తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం పట్టుకొచ్చింది. తప్పు దిద్దండి అని ఒక అభ్యాసం. మొదటి వాక్యమే "ఐ యామ్ హ్యావింగ్ ఎ కార్". అది ఠక్కున "ఐ హ్యావ్" అని రాసేసింది. ఎందుకే అంటే, "హ్యావ్, నో, వాంట్, లైక్, వీటికి ఐఎన్‌జీ రాదు. లిస్టు బట్టీ పట్టమన్నారు" అంది. మరి ఐ యామ్ హ్యావింగ్ లంచ్ అంటారుగా అన్నాను. అది నా వంక చూసింది. పుస్తకం వంక చూసింది. "అవునమ్మా, అదెందుకు రైటు?"

నేను చదివింది బీఏ తెలుగు. ఇంగ్లీషుకి ఎందుకూ పనికిరాదని ఇంట్లోవాళ్ళందరూ ఏకగ్రీవంగా తీర్మానించిన డిగ్రీ. ఆ రాత్రి చారు పొంగిపోతున్నా పట్టించుకోకుండా కూచుని ఆలోచించాను.

తెలుగులో హ్యావ్ అనే క్రియే లేదు. కావాలంటే వెతకండి. నాకు ఇద్దరు పిల్లలు. ఇందులో క్రియే లేదు! నా దగ్గర వంద రూపాయలున్నాయి. పిల్లకి జ్వరంగా ఉంది. మా ఇంట్లో రెండు గదులున్నాయి. ఇంగ్లీషువాడు వీటన్నిటికీ ఒక్క హ్యావ్ వాడతాడు. అతని భాషలో మనిషి ముందు నిలబడి అన్నిటినీ పట్టుకుని ఉంటాడు. మన భాషలో పిల్లలు, డబ్బు, జ్వరం, గదులు వాటంతట అవి ఉంటాయి, మనకి ఒక చిన్న "కు" తగులుతుంది, అంతే. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అని చిన్నప్పుడు ఊగుతూ చదివాం చూడండి, ఆ షష్ఠీ విభక్తి "కు"యే ఇది. హిందీవాళ్ళూ "మేరే పాస్ హై" అంటారు కానీ హ్యావ్ అనరు. రష్యన్లు కూడా ఇలాగే "నా దగ్గర ఉంది" అన్న పద్ధతిలోనే చెబుతారట. కాబట్టి ఇది మన వెనకబాటుతనమేమీ కాదు.

మరి యామ్ హ్యావింగ్ ఎక్కడినుంచి వచ్చింది? నాకైతే బడి నుంచే వచ్చింది. జనగామలో మా సారు నల్లబల్ల మీద హ్యావ్ అంటే "కలిగి ఉండు" అని రాశారు. అది బట్టీ పట్టాం. ఇప్పుడు "కలిగి ఉన్నాను"ని విడదీసి చూడండి. కలిగి అంటే హ్యావింగ్, ఉన్నాను అంటే యామ్. నేను అక్షరం పొల్లుపోకుండా అనువాదం చేశాను, అంతే! పొరపాటంతా ఆ మొదటి అర్థం దగ్గరే ఉంది. మా అమ్మ నలుగురిని కని పెంచింది. జీవితంలో ఒక్కసారైనా "నేను నలుగురు పిల్లలను కలిగి ఉన్నాను" అనలేదు. అంటే మేమే హడలిపోయేవాళ్ళం. (మిగతా రాష్ట్రాలవాళ్ళూ ఈ మాట అంటారు, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. బొంబాయి కవి నిసీమ్ ఎజెకీల్ ఈ మోస్తరు ఇంగ్లీషు మీద "గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్ప టి.ఎస్." అని ఒక పద్యమే రాశాడని, డిగ్రీలో చేరిన మా పెద్దది చూపించింది. నవ్వొచ్చింది, కొంచెం గుచ్చుకుంది కూడా.)

పిల్లకి అప్పుడు ఇలా చెప్పాను. ముందు తెలుగులో అనుకో. "ఉంది" వస్తే హ్యావ్. "తున్నా" వస్తే హ్యావింగ్. మాకు కారుంది: హ్యావ్. తలనొప్పిగా ఉంది: హ్యావ్. భోంచేస్తున్నా: హ్యావింగ్ లంచ్. ఇంట్లో ఫంక్షన్ చేస్తున్నాం: హ్యావింగ్ ఎ ఫంక్షన్. లెక్కలతో అవస్థ పడుతున్నా: హ్యావింగ్ ట్రబుల్. ఆ బట్టీ లిస్టులో మిగతావి కూడా చూడు. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం. వీటిలో దేనికైనా "తున్నా" తగిలించగలవా? తెలుగులోనూ తగలదు! ఆ సూత్రం మన నాలుక మీద ఎప్పటినుంచో ఉంది, ఎవరూ చూపించలేదు.

అన్నిటికీ పనిచేస్తుందని చెప్పను. "అర్థమవుతోంది", "కనిపిస్తోంది" దగ్గర బోల్తా కొడుతుంది, అందుకే మనవాళ్ళు "ఐ యామ్ అండర్‌స్టాండింగ్" అంటుంటారు. ఆ రెండు మూడూ వేరేగా గుర్తుపెట్టుకోమన్నాను. బట్టీ లిస్టుకన్నా నయమే కదా. 1958లో ఇంగ్లీషు బోధన కోసం హైదరాబాదులో పెట్టిన కేంద్ర సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, మా సీతాఫల్‌మండికి దగ్గరలో తార్నాకలోనే ఉంది. అక్కడివాళ్ళకు నేను చెప్పేది కొత్త సంగతేమీ కాదు. మన వంటింటిదాకా రాలేదు, అంతే.

నాకు అసలు కోపం వచ్చేది వేరే దగ్గర. నేను యామ్ హ్యావింగ్ అంటే నవ్వారు. టీవీలో "ఈ ఫోన్ పెద్ద బ్యాటరీని కలిగి ఉంది" అంటే ఎవరు నవ్వుతున్నారు? "ఈ ఫ్లాట్ మూడు పడక గదులను కలిగి ఉంది" అని కాగితం పంచుతారు. "రోగి మధుమేహం కలిగి ఉన్నాడు" అని ఒక పేపర్లో చదివాను. ఇదీ అదే తప్పు, ఎదురు దిక్కునుంచి వచ్చింది. ఫోన్లో పెద్ద బ్యాటరీ ఉంది, ఫ్లాట్లో మూడు గదులున్నాయి, ఆయనకి షుగరుంది అనడానికి ఏం వచ్చింది? ఇంగ్లీషుని మనం విరిస్తే మనకి చదువు లేనట్టు, తెలుగుని ఇంగ్లీషు విరిస్తే అది గ్రాంథికం!

తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడి సంగతి చూడండి. నాకు ఇద్దరు పిల్లలు అనడం రాక "నేను ఇద్దరు పిల్లలు ఉన్నాను" అంటాడనుకుందాం. మనం వెక్కిరిస్తామా? అబ్బ, ఎంత ముద్దుగా మాట్లాడుతున్నాడో అని ఇంకో రెండు గారెలు వడ్డిస్తాం. ఆ గారెల్లో సగం మర్యాద మన పక్కింటి ఆడమనిషికి ఇవ్వలేమా? అందులోనూ ఇది 1806 నుంచి కంటోన్మెంటు ఊరు, బజారులో ఇంగ్లీషు వినపడుతూనే ఉంటుంది. మోండా మార్కెట్లో కూరలాయన ఒకే వాక్యంలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిపి బేరం ముగిస్తాడు. ఆయన గ్రామర్ ఎవరూ చూడరు, తూకం చూస్తారు.

తప్పు దిద్దొద్దని నేననను. మా పెద్దది దిద్దబట్టే నాకు తెలిసింది. కానీ నలుగురిలో నవ్వడం వేరు, పక్కన కూచుని ఎందుకు తప్పో చెప్పడం వేరు. నవ్వినవాళ్ళకి కూడా కారణం తెలిసి ఉంటుందని నేననుకోను.

పోయిన శనివారం మళ్ళీ మీటింగ్. వాక్యాలు తయారు చేసుకోకుండానే వెళ్ళాను. "ఐ హ్యావ్ వన్ డౌట్" అని, చిన్నదాని కళ్ళజోడు పవర్ పెరిగింది, ముందు వరసలో కూచోబెట్టగలరా అని సగం తెలుగులోనే అడిగాను. టీచర్ రెండో వరసకి మార్చింది. బయటికొచ్చాక చిన్నది గుసగుసగా, "అమ్మా, అలా అడిగేదాన్ని డౌట్ అనరట, క్వశ్చన్ అనాలట" అంది.

సరేలే, ముందు కళ్ళజోడు తుడుచుకో అన్నాను.