దిబ్బ తవ్వే చేతుల గురించి మన పేట పిల్లలకు

అమ్మణ్ణీ, అబ్బయ్యా,

గొట్టిప్రోలు తవ్వకాలు జరిగినప్పటి నుంచి డిగ్రీ చదివే పిల్లలు కొందరు "తాతా, ఆర్కియాలజీ చదివితే ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతున్నారు. వెనకాలే అమ్మానాన్నల ముఖాల్లో బెంగ. వస్తుందంటే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది, రాదనడానికి నాకు నోరు రాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

స్వర్ణముఖి పాయ ఒడ్డున, మనకు దగ్గర్లోనే ఉన్న ఆ గొట్టిప్రోలులో, చుట్టూ ఇటుకల ప్రాకారం ఉన్న పెద్ద జనావాసం బయటపడిందని 2019లో కేంద్ర పురావస్తు శాఖ ప్రకటించింది. ఒకదాంట్లో ఒకటి దూర్చిన మట్టి గొట్టాల వరస, రెండు వేల ఏళ్ల నాటి వెడల్పాటి ఇటుకలు అందరూ పేపర్లో చూశారు. పేపర్లో పడని పని ఒకటుంది, అది చెబుతా వినండి. గుంటలో దిగినవాడు గడ్డపార వెయ్యడు. తాపీతో పొరపొరగా గీరుతూ పోతాడు. ఒకచోట నేల కాస్త మెత్తబడుతుంది, రంగు ఒక్క పిసరు నల్లబడుతుంది. కొత్తవాడికి అది ఒట్టి మట్టి. అలవాటైన చెయ్యి అక్కడే ఆగుతుంది. ఇది ఎప్పుడో తవ్వి పూడ్చిన గుంట, పై కాలం వస్తువు కింది పొరలోకి దిగి ఉంటుంది, దీన్ని విడిగా తియ్యాలి అని దానికి తెలుసు. ఆ పిసరు తేడా పట్టుకోకపోతే రెండు కాలాల కుండపెంకులు ఒకే సంచిలో పడతాయి. ఆ తర్వాత ఎంత పెద్ద ప్రొఫెసరు వచ్చినా వాటిని విడదియ్యలేడు, తవ్వేసిన పొరను మళ్లీ తవ్వలేం కదా నాయనా. పెంకులు కడిగి, నీడన ఆరబెట్టే ఆడవాళ్లకైతే నాలుగు సీజన్లు పోయేసరికి అంచు చూడగానే అది ఏ రకం కుండో తెలిసిపోతుంది.

ఈ విద్య పక్కన కూర్చుని నేర్చుకునేది. 1944లో పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ తక్షశిలలో మన కుర్రవాళ్లను పోగేసి తర్ఫీదు ఇచ్చాడు, మరుసటి ఏడు పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వాడు. ఆయన దగ్గర నేర్చినవాళ్లు ఇంకొందరికి నేర్పారు. సాగర్ నీళ్లు ముంచేలోగా నాగార్జునకొండ లోయను 1954 నుంచి ఆరేళ్లు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వారు. మన గుడిమల్లంలో 1973లో ఐ. కార్తికేయ శర్మ గారు తవ్వారు. అలా చేతి నుంచి చేతికి వచ్చిన ఆ వరస ఇప్పుడు తెగుతోందని నా దిగులు.

ఎందుకు తెగుతోందంటారా? గ్రేటర్ నోయిడాలో కేంద్ర శాఖ సొంత శిక్షణాలయం ఉంది, రెండేళ్ల డిప్లొమాకు దేశం మొత్తానికి 15 సీట్లు. రక్షిత కట్టడాలకు కాపలాగా 7,000 మంది కావాలని తేలితే, డబ్బు లేక 2,578 మందినే, అదీ 248 చోట్లనే పెట్టగలిగారని పార్లమెంటు స్థాయీ సంఘం బాధపడింది. రాళ్లకు కాపలా కాసేవాళ్లకే డబ్బు లేకపోతే మట్టి చదివేవాళ్ల మాట చెప్పాలా! ఇక కూలీల సంగతి. 1993లో కేంద్రం దినకూలీలకు తాత్కాలిక హోదా ఇస్తూ, ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలంది. మన వైపు డిసెంబరు దాకా వానలు, మే వచ్చిందంటే నిప్పులు చెరిగే ఎండ. ఈ రెంటి నడుమ సాగే తవ్వకాన్ని నమ్ముకున్నవాడికి 240 రోజులు ఎక్కడ నిండేవి తల్లీ? పని నేర్చిన మనిషి మరుసటి ఏడు చెన్నైలో సెక్యూరిటీ గార్డుగా కుదురుకుంటే అతన్ని తప్పుపట్టలేం.

బ్రిటన్ సంగతి వేరుగా ఉంది. 1990లో ఇంగ్లండులో ఒక విధానం వచ్చింది. నేల తవ్వి కట్టేవాడే కట్టడానికి ముందు పురావస్తు పరిశీలన ఖర్చు పెట్టుకోవాలని. దాంతో ఆ పని చేసే సంస్థలు పుట్టాయి, ఉద్యోగాలు పుట్టాయి. ఈ వృత్తిలో ఎందరున్నారో సర్వే చేసి పుస్తకం వేస్తారు కూడా. 2007-08లో 6,865 మంది. మాంద్యం వచ్చి కట్టుబడులు ఆగేసరికి 2012-13లో 4,792. అక్కడి బతుకూ పూలబాట కాదని ఆ అంకెలే చెబుతున్నాయి. కానీ ఎన్ని చేతులు పోయాయో వాళ్లకు తెలుసు. మన దగ్గర అలాంటి లెక్క నా కంటపడలేదు. మన చట్టం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు కట్టుబడి నిషేధించి, ఆపైన 200 మీటర్లు అనుమతితో కట్టుకోమంది. జాబితాకెక్కని దిబ్బకు ఆ అండ లేదు. సెజ్‌కో, హైవేకో నేల చదును చేసేటప్పుడు ముందుగా ఒక పురావస్తు మనిషిని పెట్టుకోవాలన్న నిబంధన ఉంటే మీ ప్రశ్నకు నేను ధైర్యంగా జవాబు చెప్పేవాణ్ణి.

మా తరం ఇలాంటి నిబంధన అడగలేదు బంగారూ. దిబ్బల్లోని పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలుకున్నాం, పాత ఇటుకలు గోడల్లో పెట్టుకున్నాం. పంట బాగా వచ్చిందని సంతోషపడ్డామే తప్ప ఆ మట్టితో ఏం పోతోందో ఆలోచించలేదు.

చదవాలని మనసుంటే చదవండి. తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీలోనే ఆర్కియాలజీ శాఖ ఉంది. దాంతోపాటు శాసన లిపులో, జీఐఎస్ మ్యాపులో, డ్రాయింగో చేతిలో పెట్టుకోండి, తవ్వకం లేని నెలల్లో అన్నం పెడుతుంది. కాంట్రాక్టు పనికి పోతే ఉత్తర్వు కాగితం మీద అడగండి, పీఎఫ్ అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. మీతో మట్టి మోసే అక్కకు ఎన్ని రోజుల కూలి పడిందో కూడా మీ నోటుబుక్కులో రాసిపెట్టుకోండి, పేర్లతో సహా.

శ్రీసిటీలోనో మేనకూరులోనో షిఫ్టుకు పోయే పిల్లలకూ ఒక మాట. 1926లో నాగార్జునకొండ శిథిలాల సంగతి సర్కారు చెవిన వేసింది ఒక బడిపంతులు, సూరపరాజు వెంకటరామయ్య గారు. ఆయన చేసిన పని మీరూ చెయ్యొచ్చు. ప్రొక్లెయినర్ కింద పాత ఇటుకల వరసో, మట్టి వరల బావో కనిపిస్తే కాసేపు ఆపించండి. కదపకుండా ఫోటో తీసి తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇవ్వండి, రసీదు మాత్రం మరిచిపోకండి. ఏ దారిన పోయినా మీ చెయ్యి పైన ఉండాలి, మీ ఇంట పాడీపంటా నిండుగా ఉండాలి.

ఆశీస్సులతో,
మీ తాత
నాయుడుపేట