ఆ పసుపుపచ్చ పిన్ను ఎక్కడ గుచ్చాలి బాబూ?

మొన్న సంక్రాంతికి నాన్న తెనాలి నుంచి వస్తూ అరిసెల డబ్బాతో పాటు ఒక పెద్ద మూట కూడా తెచ్చారు. విప్పి చూస్తే మా పాత డెక్కు! దాని మీద పాత తువ్వాలులో చుట్టిన క్యాసెట్. 1993లో జరిగిన మా అక్క పెళ్లిది.

"ఒరేయ్, సినిమాహాల్లో ఉన్నంత టీవీ పెట్టుకున్నావుగా. ఇది ఒకసారి వెయ్యరా. అమ్మని చూడాలని ఉంది" అన్నారు.

అమ్మ అంటే ఆయన అమ్మ, మా నాయనమ్మ. 1996లో పోయింది. ఫోటోలు నాలుగైదు ఉన్నాయి గానీ, ఆవిడ నడక, గొంతు ఇప్పటికీ మిగిలి ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

ఇరవయ్యేళ్ల పైబడి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి. ఒక వీసీఆర్ తగిలించడం ఎంతసేపు? "ఐదు నిమిషాలు నాన్నా" అన్నాను. మూడు రోజులు పట్టింది :(

ఆ మూడు రోజుల్లో నాకు బోధపడింది ఒక్కటే. పాత సామాను పనికిరాకుండా పోలేదు. దాని దారి మూసేశారు. మూసింది చాలక "ఇంకా అవెవరు వాడుతున్నారు సార్" అని మనల్నే వెర్రివాళ్లను చేస్తున్నారు. నా కడుపుమంట అదీ.

మొదటి రోజు సంగతి. నా హోమ్ థియేటర్ రిసీవర్ వెనక పసుపుపచ్చ సాకెట్ ఒకటి కనిపించింది. హమ్మయ్య అనుకుని డెక్కు నుంచి పసుపు వైరు, తెల్ల వైరు దానికి గుచ్చాను. రిసీవర్ నుంచి టీవీకి ఎప్పటిలాగే హెచ్‌డీఎంఐ ఉంది. క్యాసెట్ వేస్తే సన్నాయి మోగింది, బొమ్మ మాత్రం లేదు. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. సన్నాయే.

సాయంత్రానికి మాన్యువల్‌లో ఒక పట్టిక కింద చీమతలకాయంత అక్షరాల్లో దొరికింది కారణం. ఈ రిసీవర్ పాత అనలాగ్ వీడియోని హెచ్‌డీఎంఐ లోకి మార్చదు. పసుపు సాకెట్‌లో లోపలికొచ్చింది పసుపు సాకెట్‌లోంచే బయటికి పోతుంది. అంటే రిసీవర్ నుంచి టీవీకి ఇంకో పసుపు వైరు వెయ్యాలి. మంచిదే, మరి టీవీకి పసుపు సాకెట్ ఏదీ? ఖరీదైన రిసీవర్లు కొన్ని ఈ మార్పిడి చేస్తాయి. చవకవి చాలామటుకు చెయ్యవు. డబ్బా మీద 8కే అని బెత్తెడు అక్షరాలతో వేసుకున్నవాళ్లకి, ఈ ఒక్క ముక్క వెయ్యడానికి చోటు దొరకలేదు!

రెండో రోజు రిసీవర్ని పక్కనబెట్టి నేరుగా టీవీతో కుస్తీ. వెనక ఏవీ అని రాసిన చిన్న బెజ్జం ఉంది, హెడ్‌ఫోన్ సాకెట్ లాంటిది. దానికి ఒకవైపు సన్న పిన్ను, రెండోవైపు మూడు రంగుల సాకెట్లు ఉండే వైరు కావాలి. టీవీతో పాటు ఇవ్వలేదు. బజార్లో ఒకటి కొనుక్కొస్తే గుయ్‌మని మోత, బొమ్మ లేదు. సంగతేమిటంటే ఆ పిన్ను మీద నాలుగు పట్టీలుంటాయి. దేంట్లో బొమ్మ, దేంట్లో మాట, ఏది గ్రౌండ్ అన్నది కంపెనీకో రకం. గ్రౌండ్ ఒకేచోట ఉంటే మూడు రంగుల పిన్నులూ అటూ ఇటూ మార్చి చూస్తే ఒక్కోసారి పని జరుగుతుంది. నాకు జరగలేదు.

(కొన్ని టీవీల్లో కాంపొనెంట్ తాలూకు ఆకుపచ్చ సాకెట్లోనే పసుపు పిన్ను కూడా పెట్టమంటారు. అలా పెట్టాక బొమ్మ నలుపు-తెలుపుల్లో వస్తే క్యాసెట్‌ని అనుమానించకండి. మెనూలో కాంపొనెంట్ బదులు ఏవీ ఎంచుకోండి. పసుపు వైరులో వెలుగూ రంగూ కలిసి వస్తాయి. కాంపొనెంట్ ఆకుపచ్చది వెలుగొక్కటే చదువుకుంటుంది.)

మూడో రోజు షోరూమ్‌కి వెళ్లాను. అక్కడి కుర్రాడు నా మాట పూర్తిగా వినకుండానే "సార్, అది పడేసి సౌండ్‌బార్ తీసుకోండి, ఆఫర్ ఉంది" అన్నాడు. నేను అడిగిందేమిటి, ఇతను చెప్తున్నదేమిటి! మా టీమ్‌లో కుర్రాళ్లదీ అదే పాట. "బాస్, ఓటీటీ కాలంలో క్యాసెట్ ఏంటి?" మా నాయనమ్మ ఏ ఓటీటీలో ఉంది నాయనా?

కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇదంతా టెక్నాలజీ ముందుకు పోవడం వల్ల దానంతటదే జరిగిందని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. హెచ్‌డీఎంఐ మొదటి స్పెసిఫికేషన్ 2002 డిసెంబర్‌లో వచ్చింది. ఒకే వైరులో బొమ్మా, మాటా రెండూ. మంచి విషయమే, కాదనను. కానీ దాంతో పాటు హెచ్‌డీసీపీ అనే తాళం కూడా వచ్చింది. సినిమా కంపెనీలకు అనలాగ్ అంటే భయం, దానికి ఆ తాళం పడదు మరి. అందుకే బ్లూ-రే కాపీ రక్షణ ఒప్పందంలోనే అనలాగ్‌కి అస్తమయం రాసిపెట్టారు. 2010 తర్వాత తయారయ్యే ప్లేయర్లు అనలాగ్ సాకెట్లోంచి బ్లూ-రే సినిమాని హెచ్‌డీలో పంపకూడదు, మామూలు నాణ్యతే. 2013 తర్వాత తయారయ్యేవి అసలు పంపనే కూడదు. అంతకుముందు వేలు పోసి కాంపొనెంట్ సాకెట్లున్న రిసీవర్లు కొనుక్కున్నవాళ్ల గతి ఏంటి? వాళ్లనెవరూ అడగలేదు. అటునుంచి పంపేవాడు ఆపేస్తే, ఇటు టీవీలో సాకెట్ ఎందుకని ఇవీ తగ్గిపోతూ వచ్చాయి. అంటే సాకెట్లు వాటంతటవి చావలేదు, తేదీలు వేసి మరీ చంపారు.

"వాడేవాళ్లు తక్కువ, ప్రతి సాకెట్‌కీ ఖర్చు" అంటారు. టీవీ విషయంలో ఒప్పుకుంటాను. పలచగా ఉండాలి, చవగ్గా ఉండాలి, సరే. కానీ రిసీవర్? దాని పేరులోనే ఉంది కదండీ, ఏదొచ్చినా పుచ్చుకోవడమే దాని ఉద్యోగం. పోనీ పాతవంటే పడదా అంటే అదీ కాదు. ఇవాళ చాలా రిసీవర్ల వెనక ఫోనో అని సాకెట్ ఉంటుంది, గ్రామఫోన్ రికార్డులు తగిలించుకోడానికి. ఎల్‌పీ రికార్డు పుట్టింది 1948లో. వీహెచ్ఎస్ పుట్టింది 1976లో. తాతకి కుర్చీ వేసి మనవణ్ణి గుమ్మంలో నిలబెట్టడమేమిటి? ఎందుకంటే రికార్డులు మళ్లీ ఫ్యాషన్ అయ్యాయి, అమ్ముడుపోతున్నాయి. పెళ్లి క్యాసెట్ల వల్ల ఎవడికీ పైసా రాదు. ఇదీ అసలు లెక్క.

కంపెనీల్ని అన్నాక మన గురించి కూడా అనాలిగా. ఆఫీసులో ఒక ఏపీఐ పాత వెర్షన్ తీసెయ్యాలంటే నెలల ముందు నోటీసిస్తాం. మైగ్రేషన్ గైడ్ రాస్తాం. క్లయింట్ దగ్గర ఎప్పుడో రాసిన కోబాల్ ప్రోగ్రాము ఇంకా నడవాలంటే రాత్రులు మేలుకుని అడాప్టర్లు రాస్తాం. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ మీద స్లైడ్లు వేసి మరీ ఉపన్యాసాలిస్తాం. అదే ఇంటికొచ్చి అమ్మానాన్నల డెక్కుని ఏం చేస్తాం? పాత సామానువాడికి కిలోల లెక్కన వేసేస్తాం. పరాయివాళ్ల డేటాకి మూడు బ్యాకప్పులు, సొంత నాయనమ్మకి ఒక్కటీ లేదు.

ఇక నా కథ. చివరికి నన్ను గట్టెక్కించింది అరచేతిలో పట్టే ఒక కన్వర్టర్ డబ్బీ. కొనేటప్పుడు జాగ్రత్త, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేదీ, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేదీ కవలపిల్లల్లా ఉంటాయి. నేను మొదట తెచ్చింది రెండోది :) సరైనది దొరికాక డెక్కు నుంచి పసుపు, తెలుపు వైర్లు డబ్బీకి, డబ్బీ నుంచి హెచ్‌డీఎంఐ రిసీవర్‌కి పెట్టాను. బొమ్మా మాటా కలిసే వస్తాయి కాబట్టి పెదాలకీ మాటకీ పెద్దగా తేడా రాదు. వస్తే రిసీవర్‌లో లిప్ సింక్ సెట్టింగ్ ఉంటుంది.

బొమ్మ వచ్చింది. పెళ్లివారంతా అడ్డంగా ఉబ్బిపోయి! నాలుగుకి మూడు పాళ్ల బొమ్మని టీవీ పదహారుకి తొమ్మిదిగా సాగదీసింది. మెనూలో 4:3 అని మార్చాక మనుషులయ్యారు. రిసీవర్ ఏమో ఒక్క తెల్ల వైరులో వచ్చిన మోనో సౌండుకి గుహలో మోగినట్టు హంగులు జోడించింది. స్టీరియోకి మార్చాను.

అప్పట్లో పెళ్లి వీడియోలు ఎలా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. మాటలన్నీ తీసేసి మీద సినిమా పాటలు వేసేవారు. మూడు గంటల క్యాసెట్‌లో రెండున్నర గంటలు పాటలే. అప్పగింతల దగ్గర మాత్రం ఎందుకో పాట వెయ్యడం మర్చిపోయినట్టున్నాడు. నాయనమ్మ స్తంభం పక్కన నుంచి నాన్నని కేకేసింది. "అబ్బాయ్, పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు, రా ముందు." అంతే. మళ్లీ పాట అందుకుంది.

నాన్న ఏమీ అనలేదు. కాసేపయ్యాక "వెనక్కి తిప్పు" అన్నారు. ఆ రాత్రి ఎన్నిసార్లు తిప్పానో.

సౌండ్‌బార్ ఆఫర్‌కి ఈ ఒక్క కేకకీ సాపత్యమా?

కాబట్టి దండం పెట్టి చెప్తున్నా, ఈ వారమే ఇంటికి ఫోన్ చేసి అటక మీద ఏముందో కనుక్కోండి. లోకంలో ఆఖరి వీసీఆర్ తయారీదారుగా మిగిలిన జపాన్ ఫునాయ్ కంపెనీ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు ఉన్నవే ఉన్నవి. వాటి రబ్బరు బెల్టులు గట్టిపడతాయి, కెపాసిటర్లు ఎండిపోతాయి. మన కోస్తా చెమ్మకి టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే కనపడుతుంది. అది ఉంటే డెక్కులో పెట్టకండి, హెడ్ పాడై మిగతా క్యాసెట్లకీ అంటుతుంది. ముందు తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఇక్కడి క్యాసెట్లు పాల్ పద్ధతిలోవి, 625 లైన్లు, సెకనుకి 25 ఫ్రేములు. అక్కడి మామూలు వీసీఆర్లు ఎన్‌టీఎస్‌సీ. అక్కడికి పట్టుకెళ్లి తంటాలు పడే బదులు, వచ్చినప్పుడు ఇక్కడే కాపీ చేయించుకోండి. చేసేవాడికి రెండు విషయాలు గట్టిగా చెప్పండి. బొమ్మ సాగదియ్యొద్దు, కొత్త పాటలు కలపొద్దు. కాపీ అయ్యాక కూడా అసలు క్యాసెట్ పారెయ్యకండి.

కొత్త రిసీవర్ కొనబోయేవాళ్లు ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఈ పసుపుపచ్చ పిన్ను గుచ్చితే బొమ్మ హెచ్‌డీఎంఐలోకి వస్తుందా?" తెలీదంటే తెలుసుకుని చెప్పమనండి. నవ్వితే బయటికి నడవండి. అడిగేవాళ్లే లేరు కాబట్టి తీసేశామంటున్నారుగా, అడుగుదాం.