నెయ్యి తాగని తాతలు

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అని ఒక సామెత ఉంది. గొప్పలకు పోయేటోళ్లను ఎక్కిరించడానికి వాడతారు. ఎక్కిరించడానికైనా సరే, నెయ్యి తాగిన తాతే సామెతకెక్కాడు. ఆ నెయ్యి ఇచ్చిన బర్రెను మేపిన తాత, అది చస్తే ఊరవతలికి ఈడ్చుకపోయిన తాత, దాని తోలు తీసి లందలో ఊరబెట్టిన తాత ఏ సామెతలోనూ లేడు. ఉన్నా తిట్టుగానే ఉన్నాడు.

మా తాత ఈ రెండో రకం. నల్లగొండ జిల్లాలో ఒక మాదిగవాడ మాది. తాతకు పుట్టిన తారీఖు లేదు. "రజాకార్ల గడబిడ నాటికి మోట తోలేటోణ్ని" అని చెప్పేవాడు. అంటే 1948 నాటికి మీసాలు మొలిచే పోరడన్నమాట. 2001లో పోయాడు.

ఈ మధ్య తరం వాళ్లకు తొండం అంటే ఏనుగుదే తెలుసు. కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కరెంటు మోటార్లు రాకముందు బావి కింద సేద్యమంటే మోటే. ఎడ్లు దరి మీద నుంచి కిందికి దిగుతుంటే బొక్కెన పైకి వస్తుంది. దాని అడుగున కట్టిన తోలు తొండంలోంచి నీళ్లు కాలువలోకి దుంకుతాయి. ఆ తొండం కుట్టేది మాదిగ. పచ్చి తోలును సున్నంలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచి పోసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టాలి. ఆ వాసన మా తాత చేతుల నుంచి జీవితాంతం పోలేదు. ఆరె, రంపె, గూటం - ఇవి ఆయన పనిముట్లు. ఒక్క కుట్టు వదులైనా సగం నీళ్లు మళ్లీ బావిలోకే పోతాయి. కాబట్టి ఇది ఎవడు పడితే వాడు చేసే పని కాదు. లెక్క తెలిసినవాడు, తోలు గుణం తెలిసినవాడు చేసే పని. దీన్ని ఇంజనీరింగు అని ఎవరూ అనలేదు, అంటరాని పని అన్నారు. ఆ తొండం నీళ్లతో వరి పండింది, ఊరు తిన్నది. కుట్టినోడికి కల్లం కాడ మేర గింజలు. ఊరి మంచినీళ్ల బావి గద్దె మాత్రం ఎక్కరాదు.

చెప్పులూ అంతే. ఊరందరికీ కిర్రు చెప్పులు కుట్టిన మనిషి దొర ఇంటి ముందు నుంచి పోవాలంటే తన చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి.

తోలు పనితో ఇల్లు గడవక, చెల్లె పెండ్లికి తెచ్చిన అప్పు కింద తాత జీతం కుదిరాడు. తెల్లారకముందే పోయి పొద్దుగూకినాక వచ్చేవాడు. అప్పు తీరిందా అంటే, ఆ లెక్క రాసేది దొరే, చదివేదీ దొరే. చట్టాలు లేకనా? నిజాం రాజ్యంలోనే 1936లో భగేలా మీద నిబంధనలు వచ్చాయి. 1950లో రాజ్యాంగం 23వ అధికరణంతో వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. కాగితం మీద ఇన్నిసార్లు విడుదలైన మా తాత 1976 తర్వాత కూడా అదే కొట్టంలో పేడ ఎత్తాడు. చట్టం వచ్చిందని ఆయనకు చెప్పాల్సిన అధికారి దొర ఇంట్లో చాయ తాగి పోయేవాడు.

తాత చనిపోయినప్పుడు ఆ ఇంటి వాళ్లు ఒక మాటన్నారు. "మంచి కష్టజీవి. నమ్మకస్తుడు. ఒక్కనాడు ఎదురు మాట్లాడలే." మన వాళ్లు కూడా కొందరు తలూపారు. నా తగాదా ఈ మాటతోనే. కష్టం చేసినోణ్ని కష్టజీవి అనడంలో తప్పు లేదు. కానీ వాళ్ల నోట్లో ఆ మాటకు అర్థం వేరు. బాగా దున్నిన ఎద్దును కూడా వాళ్లు అట్లనే మెచ్చుకుంటారు.

పైగా ఎదురు మాట్లాడలేదన్నది అబద్ధం. మా నాయన తొమ్మిదేండ్లకే పశులకాడికి పోయాడు, ఆయన బడి అక్కడితోనే సరి. తర్వాత మా చిన్నాయనను కూడా పంపమని కబురొచ్చింది. తాత పోయి నిలబడి "నేను సచ్చేదాక చేస్త. పోరన్ని మాత్రం ఇయ్య" అన్నాడట. ఇది నాయనమ్మ చెప్పిన మాట. ఆ ఏడు మేర గింజలు బంద్ చేశారు. ఇంట్లో గటక కూడా కరువైంది. చిన్నాయన మాత్రం ఏడో తరగతి దాకా చదివాడు. మా ఇంట్లోకి పలక అట్ల వచ్చింది. నేను డిగ్రీ దాకా పోయానంటే ఆ ఒక్క మాట మీద నడిచి పోయాను.

కుటుంబం మీద ప్రేమ అంటే మా తాతకు మమ్మల్ని ఎత్తుకొని ఆడించే తీరిక కాదు. ఆ తీరిక ఆయనకెవరూ ఇవ్వలేదు. మిగిలిన తోలు ముక్కలు దాచి, మనుమలకూ మనుమరాండ్లకూ పాదం కొలిచి చిన్న చిన్న చెప్పులు కుట్టేవాడు. కుట్టి, "ఊర్లెకు ఏసుకునే పోండ్రి, ఇడువకుండ్రి" అనేవాడు. తాను విడిచిన చోట మమ్మల్ని విడవొద్దన్నాడు. దీన్ని నమ్మకస్తుని మాట అంటారా?

ఇప్పుడు బడి సంగతి. "మా తాత" అని వ్యాసం రాయమంటే పటేండ్ల పిల్లవాడు మూడు పేజీలు నింపాడు. బావులు, భూములు, గుర్రం. మన వాడ పిల్ల ఒక్క లైను రాసింది: "మా తాత కూలి చేసేవాడు." ఆ పిల్లకు తెలుగు రాక కాదు. ఆ బతుకులో రాయదగ్గదేమీ లేదని మన పుస్తకాలు, మన బళ్లు, ఒక్కోసారి మన ఇండ్లు కూడా నేర్పాయి. కళ్యాణరావు గారు 2000లో "అంటరాని వసంతం"లో తరాల కథ చెప్పారు. వై.బి. సత్యనారాయణ గారు 2011లో తన తండ్రి బాలయ్య గారి మీద పుస్తకం రాసి, రైలు పట్టాల కాడ పనిచేసిన మాదిగ కుటుంబాన్ని మూడు తరాలు చూపారు. అవి చాలవు. ప్రతి వాడకూ అట్లాంటి పుస్తకమొకటి కావాలి.

కార్యకర్తలకు నా మాట. ఏప్రిల్ 14న బాబాసాహెబ్‌కు దండ వేస్తాం, ఆయన తండ్రి రాంజీ సుబేదార్ అని పిల్లలతో చెప్పిస్తాం. మంచిదే. అదే సభలో వాడ ముసలోళ్లను కూచోబెట్టి అడగండి: ఎవరి దగ్గర, ఎన్నేండ్లు, ఎంత అప్పు కింద జీతం చేశారు? ఏ చెల్క ఎవరు కొట్టి సాగుకు తెచ్చారు? అన్నీ నోటుబుక్కులో రాయండి. పేరు మాత్రం ఊరు పిలిచిన "గాడు"తో కాదు, తల్లిదండ్రులు పెట్టినట్టు నిండుగా రాయండి. ఇది కేవలం జ్ఞాపకాల ముచ్చట కాదు. అసైన్డ్ భూమి చేతులు మారితే వెనక్కి తీసుకొని పట్టా పొందిన వారికి, వారసులకు అప్పగించే వీలు 1977 చట్టంలో ఉంది. ఆఫీసులో కాగితం ఒక్కటే మాట్లాడుతుంది. ఏ చెల్క ఎవరిదో చెప్పగలిగిన మనిషి పోయినాక, ఏ కాగితం అడగాలో కూడా వారసులకు తెలియదు.

మా వాడలో మోట తోలినోళ్లు ఇంక ఇద్దరే ఉన్నారు. ఒకాయనకు చెవులు వినపడవు. ఇంకొకాయన తొండం కుట్టు ఎట్లేస్తారో చేతులతో చూపెడతానన్నాడు, తోలు తెచ్చిపెట్టమన్నాడు. వచ్చే ఆదివారం పోతున్నాం.