దారి చూపేవాడికి పేరుండదా?

మా పిల్లలు కొందరు హిమాలయాలకు పోతామన్నారు. ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుని, ఇప్పుడు పట్నంలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు. మాకు సంతోషమే కలిగింది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్లిన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కినప్పుడు మన గూడేల్లో, తండాల్లో ఎంత గర్వపడ్డామో మరిచిపోలేదు. కొండ ఎక్కడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

పిల్లలు ఒక కాగితం తెచ్చి మా ముందు పెట్టారు. కశ్మీరు సరస్సుల ట్రెక్ ప్లాను అది. సోన్‌మర్గ్‌లో మొదలై నారానాగ్‌లో ముగిసే దారి. సుమారు డెబ్బై కిలోమీటర్లు. నిచ్నయ్ కనుమ దాటితే విషన్‌సర్, కిషన్‌సర్. ఆ పైన గడ్‌సర్, సత్‌సర్. చివరికి హర్ముఖ్ కొండ కింద నంద్‌కోల్, గంగాబల్. ఏ బూట్లు కొనాలి, ఎన్ని జతల మేజోళ్లు పెట్టుకోవాలి, వానకోటు ఎలాంటిది, ఫోను చార్జింగు ఎలా, ఏ సరస్సు దగ్గర ఫొటో ఏ వేళకు బాగా వస్తుంది, అన్నీ రాసి ఉన్నాయి. మనుషుల గురించి మాత్రం ఒక్క లైను ఉంది. గుడారాలు, గ్యాసు, గుర్రాలు, వంటవాడు, గైడు ప్యాకేజీలో కలిసి ఉంటాయట.

ఆ లైను దగ్గరే మా తగువు. గుడారం, గ్యాసు, గుర్రం, గైడు ఒకే వరుసలో ఎలా నిలబడ్డాయి? దారి చూపేవాడికి పేరుండదా? వాడికొక ఊరు, ఒక భాష, ఒక ఇల్లు ఉండవా?

ఆ దారి ట్రెక్ కంపెనీలు కనిపెట్టింది కాదు. అది పశువుల దారి. ఏటా ఎండలు ముదిరే వేళకు జమ్మూ వైపు పల్లపు నేలల నుంచి బకర్వాల్‌లు మేకలు, గొర్రెలు, గుర్రాలు, కుక్కలు, ముసలివాళ్లు, చంటిబిడ్డలతో కదులుతారు. కనుమలు దాటి పైమేతలకు చేరి, చలి మొదలవుతుంటే మళ్లీ దిగుతారు. గుజ్జర్లు బర్రెలతో వెళతారు. వాళ్ల మాట గోజ్రీ. పైన వాళ్లు వేసవికి కట్టుకునే మట్టి, దుంగల ఇళ్లను కోఠాలంటారు. ఈ రెండు తెగలనూ 1991లో షెడ్యూల్డు తెగలుగా గుర్తించారు. అంటే వాళ్లు మన చుట్టాలే. మన చేతిలో ఉన్న కులపత్రమే వాళ్ల చేతిలోనూ ఉంది.

ఏ వాగును ఎక్కడ దాటాలో వాళ్లకు తెలుసు. ఎండ ఎక్కాక మంచు కరిగి మధ్యాహ్నానికి వాగు పొంగుతుంది కనుక పొద్దున్నే దాటాలి. హర్ముఖ్ మీద మబ్బు కడితే ఏమవుతుందో వాళ్ల ముసలమ్మలు చెబుతారు. ఈ తెలివి మీదే ప్యాకేజీ అంతా నడుస్తోంది. అమ్మేటప్పుడు మాత్రం దాని పేరు ‘అనుభవజ్ఞులైన మా బృందం’.

ఇది మనకు కొత్తగా ఉందా? అరకు చూడండి. వంజంగి చూడండి. మబ్బుల సముద్రం చూస్తామని రాత్రికి రాత్రే బండ్లు కట్టుకుని వస్తారు. తెల్లారాక మబ్బులు పోతాయి, ప్లాస్టిక్ సీసాలు మిగులుతాయి. మన ధింసా రిసార్టులో రాత్రి భోజనానికి ముందు ఆడే ఆట అయింది. మన ఆడపిల్లల ఫొటోలు అడగకుండా తీస్తారు. ఊరి పేరు తెలుసుకోరు, ‘వ్యూ పాయింటు’ అంటారు. ‘ఈ కొండ ఎవరిది?’ అని వచ్చినవాడు ఒక్కడైనా అడిగాడా అని మనం ఎన్ని సభల్లో నిలదీశాం! ఇప్పుడు మన పిల్లలే జీతం డబ్బుతో ఇంకొక ఆదివాసీ కొండకు పోతూ అదే ప్రశ్న అడగకపోతే, ఇన్నాళ్లూ మనం మాట్లాడిన మాటకు విలువేముంది?

ఇలా అంటే మాకు కొన్ని జవాబులు వచ్చాయి. ఒక్కొక్కటే చూద్దాం.

ప్రకృతి అందరిదీ అన్నారు. ఈ మాట మేము చాలాసార్లు విన్నాం. పోడు కొట్టిన మన మీద కేసులు పెట్టినప్పుడూ అడవి అందరిదే అన్నారు. అందరిదీ అన్నచోట మొదట బయటికి పోయేది అక్కడ ఉండేవాడే. 2020 నవంబరులో పహల్గాం దగ్గర అడవిలో గుజ్జర్, బకర్వాల్‌ల కోఠాలను ఆక్రమణలని అధికారులు కూల్చారు. చలి దిగుతున్న నెల అది. వేసవిలో యాత్రికుడి గుడారానికి చోటిచ్చే కొండలోనే పుట్టినవాడి గోడ ఆక్రమణ అయింది.

మనం పోతేనే కదా వాళ్లకు నాలుగు రూపాయలు అని రెండో జవాబు. ఇందులో నిజం ఉంది, దాన్ని మేము కొట్టిపారేయం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో తుపాకులు పేలి ఇరవై ఆరుగురు చనిపోయారు. వాళ్లలో యాత్రికులను గుర్రం మీద తిప్పుతూ బతికే స్థానికుడు ఒకడున్నాడు. ఆ తరువాత కశ్మీరులో చాలా పర్యాటక స్థలాలు మూతపడ్డాయి. గుర్రాల వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. కాబట్టి పోవద్దు అని మేము అనడం లేదు. నాలుగు రూపాయలు ఎవరి చేతికి చేరుతున్నాయి అని అడుగుతున్నాం. సంతలో చింతపండుకు దళారీ ఇచ్చేది కూడా నాలుగు రూపాయలే కదా. అది వ్యాపారమా, మేలా అన్నది మనకు తెలియనిది కాదు.

మేకలు కూడా గడ్డి పాడుచేస్తాయి కదా అని మూడో జవాబు. ఉత్తరాఖండ్ సంగతి చెబుతాం. అక్కడ పైమేతలను బుగ్యాల్ అంటారు. రూప్‌కుండ్ సరస్సుకు పోయే దారి బేద్నీ బుగ్యాల్ మీదుగా పోతుంది. సుమారు అయిదు వేల మీటర్ల ఎత్తులో పాత ఎముకలు తేలే సరస్సు అని పేరు పడ్డాక జనం విరగబడ్డారు. గుడారాలు వెలిశాయి, చెత్త పేరుకుంది. 2018 ఆగస్టులో హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించింది. రెండు వందల మందికి మించి సందర్శకులను పోనివ్వకూడదంది. కోర్టును మేము తప్పుపట్టడం లేదు. కంపెనీ ఇంకొక సరస్సు వెతుక్కుంటుంది. ఆ దారి కిందనున్న ఊళ్లలో గైడుగా, గుర్రంతో బతికేవాడు ఎక్కడికి పోతాడు? చెత్త వేసినవాడు ఒకడు, తలుపు మూసుకుపోయింది ఇంకొకడికి.

అక్కడి ఆదివాసులు దీనికి జవాబు చెప్పకుండా లేరు. చమోలీ జిల్లాలో లాతా, రేణీ అనే భోటియా ఊళ్లున్నాయి. 1974లో రేణీలో చెట్లను కౌగిలించుకుని గొడ్డళ్లను ఆపిన గౌరాదేవి ఆ తెగ ఆడబిడ్డే. చెట్లను కాపాడిన ఆ మనుషులకు దొరికిన బహుమానం ఏమిటి? 1982లో నందాదేవి చుట్టూ జాతీయ పార్కు ప్రకటించి వాళ్ల మేతలను, మూలికలను, కూలి బతుకును గేటు అవతల పెట్టారు. 1998లో ఆ ఊళ్లవాళ్లు పిల్లాజెల్లాతో గేటు దాటి లోపలికి నడిచారు. ‘ఝప్టో ఛీనో’ అన్నారు. ‘మీదపడి లాక్కోండి’ అని అర్థం. 2001 అక్టోబరులో లాతాలో కూర్చుని ఒక ప్రకటన చేశారు. యాత్రికులు రావద్దని అందులో లేదు. పర్యాటకం బయటి కంపెనీల గుత్తసొత్తు కాకూడదని, స్థానికుల చేతిలో ఉండాలని, ఆడవాళ్లకూ అందులో సమాన చోటుండాలని ఉంది. కొండ ఎక్కించే పని ఎలా జరగాలో కొండవాళ్లే రాసుకున్న కాగితం అది. మన పిల్లలు తెచ్చిన కాగితంతో పాటు దాన్ని కూడా చదవాలి.

చట్టమూ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పోడు పట్టాల చట్టంగానే తెలుసు. అందులో మూడో సెక్షన్ చదవండి. నీటి వనరుల్లోని చేపలు తదితరాల మీద, ఊళ్లో ఉండేవాళ్ల మేత మీద, తిరిగేవాళ్ల మేత మీద, సంచార పశుపోషకులు కాలాన్ని బట్టి వాడుకునే వనరుల మీద సామూహిక హక్కును అది గుర్తించింది. అంటే సరస్సు మీద, దాని ఒడ్డు గడ్డి మీద బకర్వాల్‌కు చట్టంలో మాట ఉంది. జమ్మూకశ్మీరుకు ఆ చట్టం 2019 అక్టోబరు 31 తరువాతే వచ్చింది. ట్రెక్ ప్లానులో సైన్యం చెక్‌పోస్టులకు గుర్తింపు కార్డు రాశారు, అనుమతి కాగితాలు రాశారు. మేతవాళ్లను అడగాలన్న మాట లేదు. బొర్రా వైపు గనులను ఎదిరించి 1997లో సమత తీర్పు తెచ్చుకున్న వాళ్లం మనం. గ్రామసభను దాటి అడుగు వేయకూడదని దేశానికి చెప్పిన వాళ్లం. మన మాట మన కొండకు మాత్రమేనా?

ఇప్పుడు మా ప్లాను మేము చెబుతాం.

మొదటి పేజీలో బూట్లు కాదు, మనుషులు ఉండాలి. గైడు పేరు, ఊరు, ఆయన ఆ కొండవాడేనా కాదా. గుర్రాల వాడికి రోజుకు ఎంత, ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు. వాన పడి ఒక రోజు గుడారంలోనే కూర్చుంటే ఆ రోజు కూలి ఉందా లేదా. కాలు విరిగితే బీమా ఉందా. కంపెనీ చెప్పకపోతే ఆ కంపెనీ మనకు వద్దు.

రెండోది బరువు. బరువంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? రోడ్డు లేని గూడెం నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసిన భుజాలు మనవి. మన సంచి ఇంకొకరి వీపు మీద పెట్టే ముందు అది ఎన్ని కిలోలో తూచాలి. మోసేవాడికి చలికోటు, గట్టి బూట్లు, రాత్రి పడుకునే చోటు, మనం తినే తిండి ఉన్నాయో లేదో చూడాలి. వాడికి జబ్బు చేస్తే ఒంటరిగా కిందికి పంపకూడదు.

మూడోది రోజులు. సెలవు ఎన్ని రోజులుంటే అన్ని రోజుల్లో కొండను ఇరికించకూడదు. సోన్‌మర్గ్ సుమారు 2,700 మీటర్లు. గడ్‌సర్ కనుమ 4,000 మీటర్లు దాటుతుంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతమే ఉంటుంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఆగాలని వైద్యులు చెబుతారు. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి పోకూడదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా అప్పుడే కిందికి దిగాలి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్త్రతాల్ సరస్సు దారిలో మంచుతుఫాను పట్టి తొమ్మిదిమంది చనిపోయారు. కొండ ఎవరి జీతం చూసి ఆగదు. గైడు ‘ఇక్కడ ఆగుదాం’ అంటే ఆగాలి. ‘డబ్బు కట్టాం’ అన్న మాట ఆ పూట నోట రాకూడదు. పేరు తెలియనివాడి మాట ఎవరూ వినరు, అందుకే పేరు ముందు తెలుసుకోమంటున్నాం. ఇందులో వాడి గౌరవంతో పాటు మన పిల్లల ప్రాణమూ ఉంది.

నాలుగోది నేల. కోఠాల పక్క, మంద పడుకునే చోట గుడారం వేయకూడదు. సరస్సులో సబ్బు కలపకూడదు. తీసుకుపోయిన ప్రతి కవరూ వెనక్కి రావాలి. అడగకుండా వాళ్ల ఆడవాళ్లను, పిల్లలను ఫొటో తీయకూడదు. వాళ్లు చాయ్ పోస్తే కూర్చుని తాగాలి, మన ఊరి సంగతి చెప్పాలి, వాళ్ల సంగతి అడగాలి. వాళ్ల గ్రామసభ హక్కుపత్రం అడిగిందా, వచ్చిందా, ఎక్కడ ఆగింది? ఈ ప్రశ్న అడగగలిగే యాత్రికులు ఆదివాసీ పిల్లలు కాకపోతే ఇంకెవరు?

ఇవన్నీ పెడితే ఖర్చు పెరుగుతుందని పిల్లలు అన్నారు. పెరుగుతుంది. ఆ ఖర్చు ముందు నుంచీ ఉన్నదే. ఇన్నాళ్లూ దాన్ని గుర్రం తోలేవాడు కడుతున్నాడు. ఈ ఏడాది కుదరకపోతే వచ్చే ఏడాది పోండి. ఆ సరస్సులు ఎక్కడికీ పోవు, అక్కడి మనుషులను పోకుండా చూడాలి.

పిల్లలు కాగితం వెనక్కి తీసుకెళ్లారు. మొదటి పేజీ మళ్లీ రాస్తామన్నారు. పోయి వచ్చాక ఫొటోలు చూపిస్తామంటే తప్పకుండా చూస్తాం. దాని కన్నా ముందు మమ్మల్ని దాటించినవాడు ఫలానా, వాడి ఊరు ఫలానా, వాడి తల్లి మాకు రొట్టె పెట్టింది అని చెప్పాలి. అరకు నుంచి తిరిగిపోయే వాళ్లలో ఎవరైనా మన గురించి అంత మాట చెబుతారేమో అని మనం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నామో వాళ్లకు తెలుసు.