పిల్లలకు ఓటు లేదు, మనకుంది

రాష్ట్ర బడ్జెట్ పెట్టిన రోజు మన ఇళ్లలో మాటలు ఏముంటాయి? ఏ పథకం డబ్బు ఎప్పుడు పడుతుంది, ఎవరికి కోత పడింది, అంతే. పేద వీధుల్లోని పసిపిల్లలకు ఎంత రాశారని అడిగినవాళ్లు మా పుత్తూరులో నాకింతవరకు తగల్లేదు. ఎవరూ అడగనిదానికి డబ్బు ఎందుకు రాస్తారు చెప్పండి!

పుత్తూరు అనగానే బయటివాళ్లకు ఎముకల కట్టు గుర్తొస్తుంది. మాకు మాత్రం మరమగ్గాల చప్పుడు. ఆ చప్పుడులోనే చీర ఊయలలో చంటిబిడ్డలు నిద్రపోతుంటారు. ఊయల్లో ఉన్నన్నాళ్లు ఫర్వాలేదు. నడక వచ్చాకే తిప్పలు. తిరిగే బెల్టులు, గాలినిండా నూలు దుమ్ము. తల్లి మగ్గం వదిలితే కూలి పోతుంది. ఇక కాపలా ఎవరంటే ఏడెనిమిదేళ్ల అక్క. ఆ అక్క బడి అంతటితో సరి.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. 1975లో మొదలైన ఆ ఏర్పాటు లేకపోతే ఎందరు పిల్లలు గుడ్డు ముఖం చూసేవారో! కానీ మూడేళ్లు నిండని బిడ్డకు అక్కడ దొరికేది ఇంటికి తెచ్చుకునే సరుకులే. పెద్దపిల్లలకైనా కేంద్రం ఒక వేళకు ముగుస్తుంది. మగ్గం ముగియదు. ఇక తిండి లెక్క చూడండి. మామూలు బిడ్డకు రోజుకు 8 రూపాయలని కేంద్ర ప్రభుత్వం 2017లో ఖాయం చేసింది. ఒక్క గుడ్డుకే ఆరేడు రూపాయలు పెడుతున్నాం మనం. రాష్ట్రం తన వంతు కలుపుతోంది కాబట్టి గుడ్డూ పాలూ అందుతున్నాయి.

పసిపిల్లలను పగలంతా చూసుకునేందుకు 'పాలనా' అనే పథకం 2022 నుంచి ఉంది. అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం నడపొచ్చు. ఖర్చులో 60 వంతులు కేంద్రానిది, 40 రాష్ట్రానిది. అయితే మాకు ఇన్ని కావాలని రాష్ట్రం నుంచి ప్రతిపాదన పోవాలి. మన ఉత్తరం పనికొచ్చేది ఇక్కడే.

2023 డిసెంబరు 12 నుంచి అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు సమ్మె చేశారు. ఎస్మా పెట్టినా వెంటనే లేవలేదు. వాళ్లకు యూనియన్ ఉంది, జీతం కోసం గట్టిగా అడిగారు, న్యాయమే. ఆ కేంద్రాల్లో కూర్చునే పిల్లలకు ఏ యూనియన్ ఉంది?

మాకు తిరుత్తణి పక్కనే. 1960 దాకా అది మా చిత్తూరు జిల్లాదే. అక్కడ ఎం.జి.ఆర్. 1982లో పిల్లల భోజన పథకాన్ని పెద్దఎత్తున మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన కరుణానిధి దాన్ని ఆపలేదు సరికదా, 1989లో గుడ్డు చేర్చారు. అదీ పదిహేను రోజులకొకటే. 2010కల్లా వారానికి అయిదయ్యాయి. పిల్లల పళ్లెంలో చెయ్యి పెడితే తల్లులు ఊరుకోరని పార్టీలకు తెలిసిపోయింది. మన దగ్గర ఆ భయం ఇంకా పుట్టలేదని నా అభిప్రాయం.

"మన పిల్లలు ఎట్లాగూ ప్రైవేటుకే పోతారు, మనకెందుకక్కా?" అంది పక్కింటి అమ్మాయి. నిజమే. కానీ మనం కట్టుకునే చీర ఆ మగ్గం మీదిదే. పైగా ఎమ్మెల్యే ముందు కూర్చుని మాట్లాడే తీరిక, ఉత్తరం రాసే చదువు మనకున్నాయి. ఆ తల్లికి ఒక పూట పోతే ఒక పూట కూలి పోయినట్టే.

ఎవరిని అడగాలో అందులోనూ తికమకే. 2022లో మా మండలం తిరుపతి జిల్లాకు పోయింది. అసెంబ్లీకి నగరి, లోక్‌సభకు చిత్తూరు! కాబట్టి ఒకే ఉత్తరం మూడు చోట్లకు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు, రసీదు అడిగి తీసుకోండి. ఎంపీ నిధులతో భవనం కట్టించొచ్చు గానీ ఆయాకు జీతం రాదు, అది బడ్జెట్‌లోనే రావాలి. బడ్జెట్ మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో. శాఖలు అంతకు నెలల ముందే లెక్కలు వేసుకుంటాయి కాబట్టి సంక్రాంతి దాకా ఆగితే ఆలస్యమే. ఉత్తరంలో పొగడ్తలు వద్దు. ఏ వీధి, మూడేళ్లలోపు పిల్లలు ఎందరు, ఏం కావాలి, అంతే రాయండి.

మేం నలుగురం నోటుబుక్కు పట్టుకుని మగ్గాల సందుల్లో పిల్లల లెక్క రాస్తున్నాం. ఇంకా రెండు సందులు మిగిలాయి. ఆదివారం సాయంత్రం వీలున్నవాళ్లు రండి, పెన్నులు మేమే తెస్తాం.