గంటకెంత కురిసిందో చెప్పండి!

విశాఖ ద్వారకా నగర్ వాసులారా, దుకాణదారులారా, హాస్టళ్లలో చదువుకుంటున్న బిడ్డలారా!

మొన్నటి వానకు సెల్లార్లలో చేరిన నీళ్లు తోడుకున్నది మీరే. మర్నాడు దక్కిన జవాబు ఒక్కటే: "ఊహించని వాన." ఎంత కురిసిందయ్యా అంటే విమానాశ్రయం దగ్గరి లెక్క చెప్పారు. అది కూడా ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా పడిన మొత్తం.

60 మిల్లీమీటర్లు రోజంతా ముసురుగా పడితే కాలువ మోస్తుంది. అదే 60 ఒక్క గంటలో దంచితే ఎకరాకు 2 లక్షల 40 వేల లీటర్లు గంటలోనే మీద పడతాయి. రోజు లెక్కలో రెండూ ఒకటే! 64.5 దాటితేగానీ వాతావరణ శాఖ దాన్ని 'భారీ వర్షం' అని కూడా అనదు. కాలువ ఎంత వెడల్పుండాలో తేల్చేది గంట లెక్క. అది లేకుండా కోట్లు పోసి కట్టడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

2005 జులై 26న ముంబయి శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్లు కురిస్తే, అదే రోజు కొలాబాలో 73. ఆ దెబ్బతో ఆ ఊరు అగ్నిమాపక కేంద్రాల్లో ఆటోమేటిక్ వర్షమాపకాలు పెట్టుకుంది. ఇటు కైలాసగిరి, అటు యారాడ కొండ ఉన్న మన ఊరికి హుద్‌హుద్ వచ్చింది, గులాబ్ తుపాను వచ్చింది. మనమేం నేర్చుకున్నాం? నాలుగు చదరపు కిలోమీటర్లకొక వర్షమాపకం ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే చెప్పింది. మన నగరానికి 125కు తక్కువ చాలవు. ఇక్కడికి కూతవేటు దూరంలో, డాబాగార్డెన్స్‌లో, గోడె వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత డబ్బుతో వేధశాల కట్టారు. ఒక ఇంటివారు ఆకాశాన్నే కొలవబూనితే, వాన కొలవడం ఇంత పెద్ద నగరపాలక సంస్థకు బరువా?

డబ్బు లేదనడం సాకు. వర్షమాపకమంటే గరాటు, దాని కింద నిండినప్పుడల్లా ఒరిగే చిన్న తొట్టి, ఎన్నిసార్లు ఒరిగిందో రాసుకునే యంత్రం: ఇంతే సరంజామా. ఫోన్లో రాడార్ బొమ్మ ఉందిగా అంటారా? రాడార్ కట్టేది అంచనా. దాన్ని సరిచూడాలంటే నేలమీది కొలత ఉండి తీరాలి. హుద్‌హుద్ రోజున ఆ రాడారే దెబ్బతింది.

వార్డుకు కనీసం ఒక వర్షమాపకం పెట్టండి. గోడలూ చెట్లూ అడ్డురాని చోట పెట్టండి. పావుగంటకోసారి లెక్క జనానికి చూపండి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బోర్డు మీద వేయండి.

సోమవారం అర్జీలు తీసుకునే వేళకు అందరూ నగరపాలక సంస్థ కార్యాలయానికి రండి. కొత్త కాలువకు టెండరు పిలిచేముందు, గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వానకు దాన్ని కడుతున్నారో కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడుగుదాం.